మహూజ్ డాబా మీద విస్తరి

ఒట్లు వేయడం నాకు అలవాటు లేదు. జగిత్యాల దగ్గర ఒక చిన్న ఊరి గ్రంథాలయంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. దెయ్యాల పుస్తకాలు ఏ అరలో ఉంటాయో తెలుసు. వాటిని అడిగి పట్టుకుపోయేవాళ్ల ముఖాలూ తెలుసు. నేను మాత్రం ఒక్కటీ ఇంటికి తీసుకెళ్లలేదు. అయినా ఇది జరిగింది. నాకే జరిగింది. జరిగినంతే చెప్తాను, ఒక్క మాట కలపను. కలిపితే నష్టం నాకే... అదేమిటో తెలుసుకోవాలని ఇప్పటికీ వెతుక్కుంటున్నది నేనే కదా.

నా తమ్ముడు గంగాధర్ బహ్రెయిన్‌లో టైల్స్ పని చేసేవాడు. ఒక రాత్రి ఫోన్ మాట్లాడడానికి డాబా మీదికి వెళ్లాడు. తెల్లారి అక్కడే దొరికాడు. గుండె ఆగిందన్నారు. పెట్టెలో వచ్చాడు. దహనం చేశాం. పదో రోజు పిట్టకు పెట్టాం.

మా వైపు ఇది తప్పనిసరి. పోయినవాడికి ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, అందరం ఎడంగా జరుగుతాం. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే కోరిక ఏదో మిగిలినట్టు. అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇస్తారు. పిల్లల్ని చదివిస్తామని, ఇల్లు పూర్తి చేస్తామని. ఏ మాటకు కాకి దిగితే అదే ఆ కోరిక.

గంగాధర్‌కు దిగలేదు. కాకులు లేక కాదు. తుమ్మ మీద ఏడు కూర్చున్నాయి. చూశాయి. ఎగిరిపోయాయి. నెల మాసికం రోజున గోదావరి ఒడ్డున మళ్లీ పెట్టాం. అక్కడా అంతే.

తమ్ముడి భార్య లావణ్య ఒక్క మాటంది. "పిట్ట ముట్టేదాక నేను అన్నం ముట్ట బావా." నేను అదేదో కోపంలో అన్న మాట అనుకున్నాను. ముట్టలేదు. చాయ, రెండు బిస్కెట్లు... నలభై రోజులు. ఇద్దరు ఆడపిల్లలకు వండి పెట్టేది. తను మాత్రం తినేది కాదు. గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. డాక్టరు తిట్టాడు. ఆమె నా వైపు చూసింది.

"ఆడ వోయిన మనిషి ఈడికెట్ల వస్తడు బావా? ఆడనే వెట్టాలె. నువ్వే వోవాలె."

ఆమె ఇంకొకటి కూడా అడిగింది. ఆఖరి ఫోన్ నాకే వచ్చింది కాబట్టి. "నీతోని ఏం మాట్లాడిండు?" బాగున్నారా అని అడిగాడమ్మా, అన్నాను.

నమ్మి వెళ్లలేదు నేను. ఆమె అన్నం తినాలని వెళ్లాను. అది గుర్తుంచుకోండి.

*

విమానం దిగేసరికి తెల్లవారుతోంది. మా ఊళ్లో గల్ఫ్ అంతా దుబాయే. ఏ దేశం వెళ్లినా దుబాయి పోయిండంటారు. నేను అట్లాసు తెరిచి చూసినవాణ్ని. పటంలో బహ్రెయిన్ పెన్సిల్ మొన ఆనించినంత ఉంటుంది. ఎదురుగా చూస్తే అంత చిన్నగా లేదు. విమానాశ్రయం ఉన్న దీవి నుంచి రాజధాని మనామాకు వంతెన మీద వెళ్లాలి. రెండు వైపులా సముద్రం. అలల్లేవు. పల్చటి ఆకుపచ్చ నీళ్లు... కడిగి ఆరబెట్టిన పలకలా. నీళ్ల అవతల గాజు భవనాలు. వాటి వెనక దుమ్ము రంగు ఆకాశం. తమ్ముడు పదకొండేళ్లు చూసిన ఊరు. ఒక్కసారీ నాకు ఈ నీళ్ల రంగు చెప్పలేదు. నేనూ అడగలేదు.

పోశెట్టి తీసుకెళ్లడానికి వచ్చాడు. తమ్ముడి గదిలో మనిషి, మా పక్క ఊరివాడే. మహూజ్ అనే పేటలో పాత నాలుగంతస్తుల బిల్డింగు. గదిలో ఆరు మంచాలు, ఒకటి ఖాళీ. దాని మీద సంచి. అందులో తమ్ముడి బట్టలు, చెప్పులు, టైల్స్ కొట్టే రబ్బరు సుత్తి. సంచి నా చేతికిచ్చి పోశెట్టి వంటగదిలోకి వెళ్లిపోయాడు. చాలాసేపు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం నా తిరుగు ప్రయాణం. పెట్టాల్సింది దిగిన రోజే. సామాను కోసం ఇద్దరం బజారుకు బయల్దేరాం. అలా చూశాను మనామాను... కాకి కోసం తల పైకెత్తి.

ఊరు శుభ్రంగా ఉంది. బాబ్ అల్ బహ్రెయిన్ అనే తెల్లటి కమాను దాటితే పాత బజారు. సన్నటి గల్లీలు. ఎండబెట్టిన నల్ల నిమ్మకాయల బస్తాలు. అత్తరు, ఏలకులు, వేయించిన గింజల వాసన. బంగారం దుకాణాల అద్దాల్లో పసుపు వెలుగు. శుక్రవారం. సెలవు. గల్లీ నిండా మగవాళ్లే. బెంగాలీ, మలయాళం, ఉర్దూ... మధ్యలో ఎక్కడో మా జగిత్యాల తిట్టు ఒకటి వినబడి వెనక్కి తిరిగాను. ఎవరూ నావైపు చూడడం లేదు.

"అన్నా, అందరు బంగారం జూస్తరు. నువ్వేంది మబ్బులకు జూస్కుంట నడుస్తున్నవ్? ఎవలన్న కొత్తగ పిచ్చోడొచ్చిండనుకుంటరు."

"కాకులేవి పోశెట్టీ?"

"ఉంటయన్నా, ఓడలు ఆగే దిక్కు. ఈ గల్లీల కరెంటు తీగలన్ని భూమిలనే. ఇగ కాకి యాడ కూసుంటది, నా నెత్తి మీదనా?" మెల్లగా అడిగాడు. "పావురం ముడితే నడువదా?"

పావురాలున్నాయి. గోరింకలున్నాయి. సముద్రం వైపు తెల్ల కొంగల్లాంటివేవో. కాకి లేదు. రాజధానిని మొదటిసారి చూసేవాడు కోటలనో, గోపురాలనో వెతుక్కుంటాడు. నేను ఆ రోజంతా ఒక నల్లటి చుక్క కోసం వెతికాను.

గల్లీ చివర చాయ్ కొట్టు. కూర్చున్నాం. ఏమీ అడగకుండానే కొట్టతను నా ముందు గ్లాసు పెట్టాడు. చక్కెర లేని చాయ్. పక్కన రెండు ఏలకులు. "గంగా భాయ్... కిత్నే దిన్ కే బాద్!" అన్నాడు, ఎన్నాళ్లకొచ్చావని నవ్వుతూ. ఆ తర్వాత నా ముఖం సరిగ్గా చూశాడు. నవ్వు ఆగిపోయింది.

ఇతను వాడి అన్న అని పోశెట్టి అందుకున్నాడు. "నహీ భాయ్. యే ఉస్‌కా బడా భాయ్."

నాకూ తమ్ముడికీ పోలిక ఎక్కువే. అదే పొడవు, అదే వంగిన భుజాలు. తమ్ముడు పోయాడని విని కొట్టతను డబ్బు తీసుకోలేదు. నేను ఆ చాయ్ తాగలేకపోయాను. ఏలకులు జేబులో వేసుకున్నాను.

*

పోశెట్టి వండాడు. బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు. తమ్ముడికి పచ్చిపులుసు గిన్నెతో తాగితేనే తాగినట్టు. మోదుగాకు విస్తరి లావణ్య ఊరి నుంచే కట్టి ఇచ్చింది. అన్నం, కూర వడ్డించి, స్టీలు గిన్నెలో పచ్చిపులుసు పోసి, పక్కన మూత తీయని నీళ్ల సీసా పెట్టాం. చాయ్ కొట్టువాడు ఇచ్చిన ఏలకులు కూడా పెట్టాను.

డాబా విశాలంగా ఉంది. నీళ్ల ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు, మూలన మిగిలిపోయిన టైల్స్ ముక్కల కుప్ప. ఒకవైపు పక్క బిల్డింగు డాబా ఆనుకునే ఉంది. మధ్య నడుము ఎత్తు గోడ. లోపలికి రావడానికి ఇనుప తలుపు ఒక్కటే. తుప్పు పట్టింది. తీస్తే కీచుమని ఏడుస్తుంది. పిట్టగోడ దగ్గర బోర్లించిన పెయింటు బకెట్.

"గీ బకెట్ మీదనే కూసునేటోడన్నా. ఫోన్ మాట్లాడుకుంట. రోజు." పోశెట్టి అటు చూడలేదు. "ఎదురుంగ కూసోకు. నువ్వు జూస్తె అది రాదు. పెడమొగం వెట్టి కూసో."

ఊళ్లో అయితే చెట్టు చాటుకు వెళ్తాం. ఇక్కడ చాటు లేదు. బకెట్ మీద, విస్తరికి వీపు పెట్టి కూర్చున్నాను. ఎదురుగా ఊరు. గాలి చల్లగా కొడుతోంది. పోశెట్టి సంచిలోంచి తమ్ముడి పని జాకెట్ తీసి నా భుజాల మీద కప్పాడు. నీలం రంగు, వీపు మీద మెరిసే పట్టీలు. అతనికి ఆ రాత్రి డ్యూటీ. తెల్లారి అయిదింటికి వస్తానన్నాడు. తలుపు కీచుమంది. మూసుకుంది.

పొద్దు వాలింది. మాటలిచ్చాను. "పిల్లలిద్దర్ని చదివిస్త." ఏమీ లేదు. "స్లాబు వేయిస్త." ఏమీ లేదు. గోరింకలు ఎక్కడో గోల చేసి సద్దుమణిగాయి. అజాన్ వినిపించింది... ఒక మసీదు నుంచి, దాని వెనకే ఇంకొకటి. దీపాలు వెలిగాయి. దూరంగా ఎత్తయిన భవనాల మీద ఎర్ర చుక్కలు ఆరుతూ వెలుగుతూ. చీకటి పడ్డాక కాకి రాదు. అది నాకు తెలుసు. లేచి కిందికి పోవచ్చు. లావణ్యకు ఫోన్ చేసి ఇక్కడా ముట్టలేదని చెప్పాలి.

చెప్పలేకపోయాను. కూర్చుండిపోయాను.

ఎనిమిది దాటింది. అదే వేళకు, అదే బకెట్ మీద నుంచి తమ్ముడు నాకు చేసిన ఆఖరి ఫోన్... అప్పుడు చెప్పాను. ఎవరికీ చెప్పనిది, గాలికి చెప్పాను.

"నువ్వు వచ్చేస్తనన్నవు. చాతనైతలేదన్నా, అన్నవు. నేనేమన్న? ఇంకొక్క ఏడాది ఓర్చుకోరా, అన్న. నువ్వు ఊఁ అన్నవు. అంతే. ఊఁ అని పెట్టేసినవు." జాకెట్ దగ్గరికి లాక్కున్నాను. "ఓర్చుకోవద్దురా ఇగ. ఇంటికొచ్చెయ్. నేను రమ్మంటున్న."

ఇప్పుడు మెల్లగా చెప్తాను. ఇక్కడే తొందరపడకూడదు.

ముందు ఏమీ లేదు. కింద రోడ్డు మీద ఒక కారు వెళ్లింది. తర్వాత... ఆకు చప్పుడు.

ఎండిన మోదుగాకు కాంక్రీటు మీద కొంచెం జరిగితే వచ్చే చప్పుడు. చాలా చిన్నది. గాలి అనుకున్నాను. కానీ గాలి నా ముఖానికి తగులుతోంది. ఆ అన్నం బరువుకు ఆకు కదలదు. మళ్లీ వచ్చింది. సర్... ఆగింది. సర్...

పిల్లి. ఈ ఊళ్లో పిల్లులు చాలా. మధ్యాహ్నమే చూశాను. పిల్లే. ఊపిరి వదిలాను.

అప్పుడు జుర్రుమంది. గిన్నెతో పులుసు తాగితే వచ్చే చప్పుడు.

పిల్లి జుర్రుకోదు. నాకుతుంది.

నా చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. అక్కడే ఉన్నాయి. తలుపు కీచుమనలేదు. అది తీస్తే బిల్డింగంతా వినబడుతుంది. తీయలేదు. నమలడం వినిపిస్తోంది. తొందరలేని నమలడం... పనంతా అయ్యాక తినే మనిషిలా. ఎముక కొరికిన చప్పుడు. ఆగడం. మళ్లీ.

తర్వాత... టక్‌టక్‌టక్‌మని నీళ్ల సీసా సీలు తెగింది.

మూత తిప్పడం విన్నాను. గుటకలు విన్నాను. లెక్కపెట్టాను కూడా. ఎందుకో తెలియదు. అయిదు.

మీరు అడుగుతారు, తిరిగి చూడొచ్చు కదా అని. అందరూ అదే అడుగుతారు. తల తిప్పితే చాలు. నాలుగు అడుగుల దూరం. కానీ తిరిగితే అక్కడ ఎవడో పరాయి మనిషి ఉంటాడు... అప్పుడు నేను ఫోన్ చేసి లావణ్యకు ఏం చెప్పాలి? లేదా పరాయి మనిషి ఉండడు. అది నేను తట్టుకోలేను. ఈ రెంటిలో ఏదో ఒకటి ఉంది నా వెనక. మెడ తిరగలేదు. మెడలో నరం కొట్టుకోవడం జాకెట్ కాలరుకు తగులుతోంది.

నమలడం ఆగిపోయింది. ఎవరో నా వీపు వైపు చూస్తున్నారని అనిపించింది. అనిపించిందనే చెప్తున్నాను. చూడలేదు కదా నేను.

నా నోటి నుంచి వచ్చిన మాట నేను అనుకుని అన్నది కాదు. చిన్నప్పుడు వాడు తిన్న తర్వాత రోజూ అడిగేది అదే.

"కడుపు నిండిందా రా?"

కింద ఎక్కడో ఏసీ గుర్రుమంటోంది. ఒక నిమిషం... రెండు కూడా కావచ్చు.

"ఊఁ."

అంతే. ఒక్కసారి. గొంతులోనే. ఫోన్‌లో వాడు అన్నట్టే... కొంచెం కిందికి దిగి, మధ్యలో తెగి.

ఆ తర్వాత ఆకు చప్పుడు మళ్లీ ఒకసారి. ఏదో బరువైంది నేల మీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత అడుగులు కూడా లేవు. తలుపూ లేదు. ఏమీ లేదు.

*

నేను తెల్లారేదాకా తిరగలేదు. నవ్వండి. అయిదింటి దాకా ఊరినే చూస్తూ కూర్చున్నాను. సముద్రం వైపు ఆకాశం బూడిద రంగుకు మారడం చూశాను. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోవడం చూశాను. ఒక రాజధానిని అంతసేపు కదలకుండా చూసినవాళ్లు తక్కువమందే ఉంటారు.

ఇనుప తలుపు కీచుమన్నప్పుడు నా ప్రాణం పోయినంత పనైంది. తలుపు దగ్గరే ఎవరో ఆగిపోయారు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"పోశెట్టీ?"

"అన్నా... నువ్వేనా?" తలుపు పట్టుకునే అడిగాడు. "పాణం వోయిందన్నా. గా జాకెట్, గా బకెట్... గంగడే కూసున్నడనుకున్న."

అప్పుడు తిరిగాను.

విస్తరి అక్కడే ఉంది. మెతుకు లేదు. గిన్నె ఖాళీ. సీసాలో సగం నీళ్లు. మూత బిగించి ఉంది. ఏలకులు లేవు. విస్తరిని మధ్యకు మడిచి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద టైల్ ముక్క ఒకటి పెట్టి ఉంది.

పోశెట్టి కూర్చుని ఆ ముక్కను చాలాసేపు చూశాడు.

"గంగడు గిట్లనే వెట్టేటోడా?" అడిగాను.

"వెట్టేటోడు." తల గోక్కున్నాడు. "కని పనోళ్లందరం గట్లనే వెడ్తం అన్నా. పైన గాలి ఉంటది గద. తిన్నంక ఏదన్న రాయి వెడ్తం." గోడ అవతలి డాబా వైపు చూశాడు. "ఆ బిల్డింగ్‌ల వందమంది ఉంటరు. రాత్రి డ్యూటీకి పొయ్యేటోళ్లు, వచ్చేటోళ్లు... ఆకలైనోడు ఎవడన్న గోడ దునికి ఉండచ్చు."

"కడుపు నిండిందా అంటే ఊఁ అన్నాడు పోశెట్టీ."

"ఎవడైన అంటడన్నా ఊఁ అని." నా వైపు తిరిగి అడిగాడు. "తెలుగుల్నే అన్నడా?"

ఊఁ ఏ భాషో నాకు తెలియదు.

లావణ్యకు ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.

"ముట్టింది," అన్నాను.

"కాకేనా బావా?"

పోశెట్టి నా ముఖం చూస్తున్నాడు. నా చేతిలో టైల్ ముక్క.

"కాకే."

"ఏ మాటకు దిగింది?"

అది అడుగుతుందని నేను అనుకోలేదు. చెప్పాను. ఆఖరి ఫోన్ సంగతి మొత్తం. వాడు వస్తానన్నది, నేను వద్దన్నది, రాత్రి రమ్మన్నది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఫోన్ పెట్టేయలేదు కూడా. ఎక్కడో పక్కన పెట్టినట్టుంది. మూత తీసిన చప్పుడు వినబడింది. కంచం నేల మీద ఆనిన చప్పుడు. కాసేపటికి నమలడం... తొందర లేకుండా. ఆమె అన్నం తినేదాకా నేను ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డాను.

ఆమె ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. కానీ తింటుంది.

టైల్ ముక్క నా బల్ల మీద ఉంది. గ్రంథాలయంలో కాగితాలు ఎగరకుండా పెట్టుకుంటాను. పోశెట్టి పక్క బిల్డింగులో ఇద్దరు ముగ్గురిని అడిగాడట. ఎవరూ మేమే అనలేదు. అనరు కూడా. దొంగతనంగా తిన్నామని ఎవరు ఒప్పుకుంటారు? నాకు ఒక్కోసారి ఇలా అనిపిస్తుంది... ఆ రాత్రి గోడ దాటి వచ్చినవాడికి కనిపించిందేమిటి? చీకట్లో గంగాధర్ జాకెట్. గంగాధర్ భుజాలు. గంగాధర్ బకెట్. వీపు వెనక విస్తరి. చనిపోయాడని తెలిసినవాడైతే... ఆకలి మీద తిన్నాక ఆ వీపు మాట్లాడితే... వాడు ఎలా వెళ్లిపోయి ఉంటాడు, అడుగుల చప్పుడు లేకుండా?

ఏ పనివాళ్ల క్యాంపు గదిలోనో ఎవరో ఒకడు తోటివాళ్లకు చెప్తూ ఉండొచ్చు. నిజంగా జరిగింది భాయ్, నమ్మండి. పోయిన మనిషి డాబా మీద కూర్చుని ఉన్నాడు. నాకు అన్నం పెట్టాడు. తిరగలేదు. ఏదో భాషలో ఏదో అడిగాడు అని.

అలా చెప్పేవాడు ఎక్కడైనా తగిలితే నాకు చెప్పండి. నేనడగాల్సింది ఒక్కటే. ఆ ఊఁ నీదేనా?

నాదే అంటే నేను ఊపిరి పీల్చుకుంటానో... ఆ ఒక్కటీ నీది కాకుంటే బాగుండేదని ఏడుస్తానో. అది నాకు ఇంకా తెలియదు.